బాఇజ్జత్ బరీ

ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ దగ్గర బస్సు దిగితే ఒక దారి మా నాగారానికి వస్తుంది, ఇంకో దారి చర్లపల్లికి పోతుంది. పాతబస్తీ గల్లీలో మూడు తరాలు ఒకే ఇంట్లో ఇరుక్కుని బతకలేక, అప్పు చేసి, ఇంత దూరం వచ్చి ఇల్లు కట్టుకున్న వాళ్ళం మేము. ప్లాటు కొన్నప్పుడు బ్రోకరు చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో అన్నీ చెప్పాడు. కీసరగుట్ట, ఇంజనీరింగ్ కాలేజీలు, రాబోయే రింగు రోడ్డు. ఐదారు కిలోమీటర్ల దూరంలో సెంట్రల్ జైలుందని మాత్రం చెప్పలేదు. చెప్పకపోయినా ములాఖాత్ రోజుల్లో మాకే తెలిసివచ్చింది.

ఆ రోజుల్లో క్రాస్ రోడ్స్‌లో బురఖాలు కనిపిస్తాయి. చేతిలో గుడ్డ సంచి, సంచిలో బట్టలూ పండ్లూ. దిగినవాళ్ళు నాలుగు దిక్కులా చూసి, అంతమంది జనంలో గడ్డం ఉన్న మమ్మల్నే వెదికి పట్టుకుని, గొంతు తగ్గించి అడుగుతారు: "జేల్ కిధర్ పడ్తా బేటా?" దారి చూపిస్తాం. ఎవరి కోసం వచ్చారని అడగం. వాళ్ళూ చెప్పరు. కానీ ఒక్కోసారి ఒక ఖాలా ఆటో ఎక్కుతూ వెనక్కి తిరిగి, మేము అడగని ప్రశ్నకు జవాబు చెప్పి పోతుంది: "మేరా బచ్చా కుఛ్ నై కరా." మా కాలనీలో ఒక పెద్దమనిషి మంచివాడే. పండక్కి షీర్‌ఖుర్మా తాగి పోతాడు. అతనే ఒకసారి నవ్వుతూ అన్నాడు: "చర్లపల్లిల మీవాళ్ళే ఎక్కువుంటరట గద భాయ్?" మేమూ నవ్వాం. ఏం జెయ్యాలె?

ఉరిశిక్ష మీద ఈ దేశంలో చర్చ ఎప్పుడు జరిగినా ఢిల్లీలోనో బొంబాయిలోనో జరిగినట్టు ఉంటుంది. నిజానికి అది మా ఇంటి పక్కనే జరిగింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళలో 18 మంది చనిపోయారు. ఆ కేసు విచారణ బహిరంగ కోర్టు హాలులో కాదు, చర్లపల్లి జైలు ఆవరణలోనే జరిగింది. 2016 డిసెంబరులో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర నలభై మందికి పైగా ప్రాణాలు తీసిన పేలుళ్ళ కేసు తీర్పు కూడా 2018 సెప్టెంబరులో అదే జైల్లో వచ్చింది. ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం, ఇద్దరు నిర్దోషులు. దిల్‌సుఖ్‌నగర్ ఉరిశిక్షలను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది.

ఆ కేసుల్లో శిక్ష పడ్డవాళ్ళు అమాయకులని మేము అనడం లేదు. ఆ సాక్ష్యాలు మేము పరీక్షించలేదు. చాట్ తినడానికి పోయినవాళ్ళు, విహారయాత్రకొచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు, కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు ముక్కలై పోయారు. వాళ్ళ తల్లుల గురించి ఆలోచించకుండా ఉరి గురించి మాట్లాడేవాడు మాట్లాడకపోవడమే మంచిది. మేము అంటున్నది ఇంకొకటి. కోర్టు జైల్లోనే కూర్చుని, జైలు గోడల మధ్యే సాక్షుల్ని విని, అక్కడే మరణశిక్ష చదివితే, గోడకు ఇవతల ఉన్నవాళ్ళకు అందులో ఎంత చేరుతుంది? మర్నాడు పేపర్లో వచ్చిందే చేరుతుంది. ఆ పేపర్లలో పని చేసిన వాళ్ళం గనక అది ఎట్లా చేరుతుందో మాకు తెలుసు.

మేము ఉర్దూ పత్రికలోనూ పని చేశాం, తెలుగు పత్రికలోనూ చేశాం. ఒకే వార్తను ఒకే రాత్రి రెండు భాషల్లో రాసిన రోజులున్నాయి. ఉర్దూలో నేరం మోపబడినవాణ్ణి ముల్‌జిమ్ అంటాం, నేరం రుజువైనవాణ్ణి ముజ్‌రిమ్ అంటాం. తెలుగులోనూ ఆ తేడా ఉంది. నిందితుడు, దోషి. డెస్కు మీద కొత్తగా చేరినవాడికి మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. జేబుదొంగ పట్టుబడితే ఆ పాఠం గుర్తుంటుంది. పట్టుబడినవాడి పేరు మాలాంటిదైతే ఆ రాత్రికి మరచిపోతారు. "ఉగ్రవాదులు పట్టివేత" అని పెద్దక్షరాల్లో పెట్టేస్తారు. మా ఉర్దూ డెస్కు అదే రాత్రి దానికి అచ్చంగా వ్యతిరేకమైన తప్పు చేస్తుంది. ఛార్జిషీటు చూడకముందే "మాసూమ్ నౌజవాన్" అని రాసేస్తుంది. ఒకరికి పేరు చూడగానే నేరం రుజువవుతుంది, ఇంకొకరికి పేరు చూడగానే నిర్దోషిత్వం రుజువవుతుంది. ఇద్దరూ ఫైలు చదవరు. ఈ రెండు వాక్యాలకూ మేమే రాతగాళ్ళం కాబట్టి మా చేతులూ శుభ్రంగా లేవు.

ఉర్దూ పత్రికల్లో ఇంకొక మాట ఉంది: బాఇజ్జత్ బరీ. గౌరవంగా విడుదల. ఏ ముస్లిం కుర్రవాడు కోర్టు నుంచి బయటపడ్డా ఈ మాట వాడతాం. తెలుగులోకి దీన్ని ఎట్లా తేవాలో ఇన్నేళ్ళయినా మాకు తెలియలేదు. "నిర్దోషిగా విడుదల" అని రాస్తాం. అందులో ఇజ్జత్ లేదు. నిజం చెప్పాలంటే ఉర్దూలోనూ అది మేము జోడించిందే. కోర్టు తీర్పులో సాక్ష్యాలు సరిపోలేదనో, సందేహానికి తావుందనో ఉంటుంది తప్ప ఇజ్జత్ సంగతి ఉండదు.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ పేలుడు జరిగింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో 5గురు పోయారు. మేమప్పుడు కుర్ర విలేఖరులం. ఉస్మానియా ఆసుపత్రి మార్చురీ దగ్గర నిలబడి పేర్లు రాసుకున్నాం. చచ్చిపోయినవాళ్ళు ముస్లింలు, కాల్పుల్లో పడినవాళ్ళు ముస్లింలు, తర్వాత కొద్ది వారాల్లో పోలీసులు ఎత్తుకుపోయినవాళ్ళూ ముస్లింలే. ఎక్కడికి తీసుకుపోయారో రోజుల తరబడి ఇళ్ళకు తెలియలేదు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ఖైదీలతో మాట్లాడి, చిత్రహింసలు పెట్టారని, కరెంటు షాకులిచ్చారని వాళ్ళు చెప్పిన సంగతులు నివేదికలో రాశాడు. చివరకు ఆ కేసుల్లో ఒక్కటీ నిలబడలేదు. అందరూ బయటికొచ్చారు. దర్యాప్తు సీబీఐకి, ఆపైన ఎన్ఐఏకి పోయింది. ఈసారి హిందూత్వ సంస్థలకు చెందినవాళ్ళని నిందితులుగా నిలబెట్టారు. 2018 ఏప్రిల్ 16న వాళ్ళూ నిర్దోషులుగా బయటపడ్డారు. తీర్పు చెప్పిన జడ్జి అదే రోజు రాజీనామా చేశాడు.

అంటే మసీదులో ప్రార్థనకు పోయినవాళ్ళను చంపిందెవరో చట్టం దృష్టిలో ఇప్పటికీ ఎవరూ కాదు. తప్పుడు మనిషిని పట్టుకోవడంలో ఉన్న రెండో అన్యాయం ఇదే. దీని గురించి తక్కువ మాట్లాడతారు. తప్పుడువాడు లోపల ఉన్న ప్రతి రోజూ అసలువాడు బయట ఉంటాడు. సాక్ష్యాలు చల్లబడిపోతాయి. మేము ఈ మాటంటే "మీవాళ్ళని కాపాడుకోవడానికి" అంటున్నామనుకుంటారు. మక్కా మసీదులో చచ్చిపోయినవాళ్ళు మావాళ్ళు కారా?

2011 చివర్లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది. కేసుల్లో ఇరుక్కుని విడుదలైన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకుపోయి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు నష్టపరిహారం ప్రకటించింది. వాళ్ళ మీద ఏ మచ్చా లేదని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. దేశంలో ఒక ప్రభుత్వం అట్లా చేయడం అరుదు. కానీ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చట్టంలో ఇట్లాంటి పరిహారానికి ఆధారం లేదంది, ఇచ్చిన డబ్బు వసూలు చెయ్యమంది. జైల్లో పోయిన కాలాన్ని వసూలు చేసుకునే ఉత్తర్వు మాత్రం ఎవరి పేరునా రాలేదు. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో తప్పుడు ప్రాసిక్యూషన్‌కు పరిహారం ఇచ్చే చట్టం తెమ్మని సిఫార్సు చేసింది. ఆ చట్టం రాలేదు.

ఇక ఉరి సంగతి. తెలుగు నేల మీద ఈ చర్చ మాతో మొదలు కాలేదు. మాతో ముగియదు కూడా. వెనక్కి పోయి చూడాలి.

మేడ్చల్ దాటి నిజామాబాద్ రోడ్డు పట్టుకుంటే తూప్రాన్ వస్తుంది. 1857 జులై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ చివరకు చనిపోయింది ఆ తూప్రాన్ అడవుల్లోనే. ఆయనకు విధించింది ఉరి కాదు, ద్వీపాంతరవాసం. అండమాన్‌కు పంపకముందే 1859 జనవరిలో తప్పించుకున్నాడు. వెదికి, తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. తర్వాత శవాన్ని హైదరాబాద్ తెచ్చి అందరికీ కనపడేట్టు వేలాడదీశారు. మౌల్వీ సాబ్ అండమాన్‌లోనే పోయాడు. కోర్టు వెయ్యని ఉరిని శవానికి వేసిన చరిత్ర ఇది. శిక్ష వేరు, ప్రదర్శన వేరు. రాజ్యానికి తరచూ రెండోది ఎక్కువ అవసరం.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత జరిగిన మారణకాండలో, సుందర్‌లాల్ కమిటీ లెక్క ప్రకారమే, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారు. ఎక్కువమంది మావాళ్ళు. ఆ హత్యలకు కోర్టులూ లేవు, ఉరికంబాలూ లేవు. ఆ నివేదికనే దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. అదే సమయంలో అదే మిలిటరీ ప్రభుత్వం తెలంగాణ రైతు పోరాటంలో పట్టుబడ్డవాళ్ళ కోసం స్పెషల్ ట్రిబ్యునళ్ళు పెట్టింది. 1949లో వాటి తీర్పులతో పన్నెండు మంది ఉరికంబం ముందుకొచ్చారు. వాళ్ళలో మీసాలు కూడా సరిగా రాని పిల్లవాడొకడు. తమకు వకీలు పెట్టుకునే అవకాశం ఇవ్వలేదని వాళ్ళ ఫిర్యాదు. 1950 జనవరిలో, రాజ్యాంగం అమలుకు రాబోతున్న రోజుల్లోనే, ఉరి తేదీలు ఖరారై ఆగాయి. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాళ్ళ తరఫున నిలబడ్డాడు. సుప్రీంకోర్టు 1951లో చేతులెత్తేసింది. ఆ తీర్పులు రాజ్యాంగం పుట్టకముందువి కాబట్టి తాను వినలేనంది. అంటే కొన్ని వారాలు ముందు తీర్పొచ్చినందుకు ఒక మనిషి ఉరి ఎక్కవచ్చు! దేశదేశాల్లో లేచిన ఆందోళన వల్ల ఆ ఉరిశిక్షలు యావజ్జీవాలుగా మారాయి, పన్నెండు మందీ బతికారు. వాళ్ళకు శిక్ష వేసింది నిజాం మీద పోరాడినందుకు కాదు, పోరాడి ఆపనందుకు. మా పెద్దవాళ్ళు చాలామంది ఆ పోరాటాన్ని అనుమానంగా చూశారు, రజాకార్ల పాపాన్ని మాత్రం మా అందరి మెడకూ చుట్టారు. అయినా ఆ ట్రిబ్యునళ్ళ పని తీరు ఇవాళ చదివితే మాకు పరాయిదిగా అనిపించదు.

రాజ్యాంగ సభలో ఉరిశిక్షను రద్దు చెయ్యాలని సవరణ ప్రతిపాదించినవాళ్ళలో ఒకరు ముస్లిం లీగ్ సభ్యుడు జడ్.హెచ్. లారీ. ఈ విషయం మా పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండదు. తీర్పు చెప్పేవాడు మనిషే కాబట్టి పొరపాటు చేస్తాడు, ఉరి తర్వాత ఆ పొరపాటు దిద్దుకోలేం అన్నది ఆ వాదనకు ప్రాణం. అయితే ఆయన కూడా హింసతో కూడిన రాజద్రోహానికి మినహాయింపు ఇచ్చాడు. ఆ సవరణ నెగ్గలేదు. ఆ తర్వాత లారీ పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1949 జూన్‌లో అంబేద్కర్ అదే సభలో, ఉరిశిక్షను పూర్తిగా రద్దు చెయ్యడమే తనకిష్టం అన్నాడు. ఒక దళితుడు, ఒక ముస్లిం. యాదృచ్ఛికం అనుకుంటే అనుకోవచ్చు.

లారీ ఇచ్చిన మినహాయింపును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. ఆదిలాబాద్ జిల్లా పేద రైతులు, నక్సలైట్ ఉద్యమంలోకి వచ్చినవాళ్ళు. భూస్వాముల హత్య కేసుల్లో శిక్ష. ఆ మేలోనే ఒకసారి రాత్రికి రాత్రి హైకోర్టు స్టే ఇస్తే ఉరి ఆగింది. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రాణానికి రక్షణ ఇచ్చే 21వ అధికరణం కింద కోర్టు తలుపు తట్టే హక్కే లేకుండా పోయింది. కన్నబిరాన్ లాంటి లాయర్లు చివరిదాకా కొట్లాడారు. తెలుగు రచయితలు, దేశ విదేశాల మేధావులు ప్రాణభిక్ష అడిగారు. ఎవరి మాటా వినలేదు. ఆ జైలును తర్వాత పడగొట్టారు. ఇప్పుడు అక్కడ గాంధీ ఆసుపత్రి ఉంది. కరోనా కాలంలో మా బంధువొకాయన్ని అక్కడ చేర్చి, గేటు బయట రాత్రంతా కూర్చున్నాం. ఒకప్పుడు ఉరితీసిన చోట ఆ రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఏడ్చారు.

ఆ తర్వాతది చిలకలూరిపేట. 1993 మార్చిలో బస్సు దోచుకోబోయి పెట్రోలు పోసి నిప్పంటించిన కేసు. 23 మంది కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించాడు. 1997 మార్చి చివర్లో రాజమండ్రి జైల్లో ఉరి తేదీ ఖరారైంది. ఇంకా కొద్ది గంటలుందనగా సుప్రీంకోర్టు ఆపింది. మహాశ్వేతాదేవి కలగజేసుకుంది, హక్కుల సంఘాలు ఊరూరా తిరిగాయి. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షల్ని యావజ్జీవానికి మార్చాడు. ఇక్కడ తప్పుడు మనిషిని పట్టుకున్నారన్న వాదన లేదు. నేరం చేసింది వాళ్ళే. బాలగోపాల్ లాంటివాళ్ళు అడిగింది అంతకంటే కష్టమైన ప్రశ్న: నేరం చేసినవాణ్ణయినా చంపే హక్కు రాజ్యానికి ఎక్కడిది? 23 కుటుంబాలు ఏడుస్తున్నప్పుడు ఆ ప్రశ్న అడగడానికి గుండె కావాలి. పత్రికల నిండా తిట్లు కురిశాయి.

మేము అప్పటికి పదో తరగతి దాటిన పిల్లలం. మా ఇంట్లో, మా మొహల్లాలో ఎవరూ ఆ ఉరి గురించి మాట్లాడిన గుర్తు లేదు. అది "వాళ్ళ" గొడవ. మా మీదికి రానంతవరకూ ఉరి మాకు న్యాయంగానే కనపడింది. పదేళ్ళ తర్వాత మక్కా మసీదు పిల్లల కోసం పాతబస్తీ గల్లీల్లోకి వచ్చినవాళ్ళు ఎవరు? ఆ చలపతిరావు, విజయవర్ధనరావుల కోసం తిరిగిన హక్కుల సంఘాలవాళ్ళే. మా నాయకులు అసెంబ్లీలో గట్టిగా మాట్లాడారు, కాదనం. కానీ పక్కవాడి మెడ మీద తాడు పడినప్పుడు నోరు మూసుకున్న సంగతి మేము లెక్కలో రాసుకోవాలి.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చేసినప్పుడు కూడా అంతే. నలుగురిలో ముస్లిం ఒక్కడే. మొదటి రోజు ఆ ఒక్క పేరునే పట్టుకుని ఎంత విషం చిమ్మారో చూశాం. ఎన్‌కౌంటర్ వార్త రాగానే పోలీసుల మీద పూలు చల్లినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. మాకు తెలిసినవాళ్ళు మిఠాయి పంచారు. 2022లో సిర్పుర్కర్ కమిషన్ అది బూటకమని, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. మిఠాయి పంచినవాళ్ళు అప్పటికి మరచిపోయారు. అంతకు నాలుగేళ్ళ ముందే, 2015 ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తూ ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర వ్యానులోనే కాల్చేసిన ఫోటోలు మేమంతా చూశాం. చేతులకు బేడీలున్నాయి. అప్పుడు ఏడ్చినవాళ్ళం చటాన్‌పల్లి దగ్గర ఎందుకు నవ్వాం?

షరియత్ పేరు చెప్పి ఉరిని సమర్థించేవాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళతో మేము చాలా రాత్రులు వాదించాం. ఖిసాస్ ఉంది, నిజమే. కానీ ఆ ఖిసాస్‌లోనే హతుడి వారసులకు క్షమించే హక్కు ఉంది, దియత్ ఉంది. సందేహం వస్తే హద్ శిక్ష ఆగిపోతుందని ఫిఖ్హ్ చదివిన ఏ మౌల్వీని అడిగినా చెబుతాడు. శిక్షించడంలో పొరబడటం కన్నా వదిలెయ్యడంలో పొరబడటం మేలన్నది ఖాజీలకు చాలా పాత పాఠం. సౌదీలో తలలు తెగుతుంటే, పాకిస్తాన్‌లో దైవదూషణ పేరుతో పేద క్రైస్తవులకు మరణశిక్ష వేస్తుంటే మా మసీదుల్లో ఎవరూ ఈ పాఠం ఎత్తరు. అక్కడ ఎత్తనివాళ్ళు ఇక్కడ ఎత్తితే ఎవరు నమ్ముతారు?

ఆ పాఠాన్ని నిజంగా పాటించిన ముస్లిం తల్లి ఒకామె మన మధ్యే ఉంది. తెనాలి షంషాద్ బేగం. ఆమె బిడ్డ ఆయేషా మీరా, ఫార్మసీ విద్యార్థిని, 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో అత్యాచారానికీ హత్యకూ గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు సత్యంబాబు అనే పేద దళిత కుర్రవాణ్ణి పట్టుకొచ్చి నేరస్థుడు దొరికాడన్నారు. ఆ కుర్రవాడికి నరాల జబ్బు వచ్చి కాళ్ళు పడిపోయాయి. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు దోషి అంది, జైలుకు పంపింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అక్కడితో శాంతి కలగాలి గదా? ఆమె మొదటి నుంచీ ఒకటే మాట: "ఇతను కాదు." అసలు నేరస్థుల్ని కాపాడటానికి ఈ పిల్లవాణ్ణి బలి ఇస్తున్నారని ఆ తల్లీ తండ్రీ కోర్టు మెట్ల మీద, పత్రికల ముందు, ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ చెప్పారు. 2017 మార్చి 31న హైకోర్టు సత్యంబాబును నిర్దోషిగా వదిలేసింది. లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసులను తప్పుపట్టింది. అతను అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా లోపల ఉన్నాడు. 2018లో కేసు సీబీఐకి పోయింది. 2019 డిసెంబరులో తెనాలి ఖబ్రస్తాన్‌లో ఆ పిల్ల ఖబర్ తవ్వి మళ్ళీ పరీక్షలు చేశారు. పన్నెండేళ్ళ తర్వాత!

ఈ కేసు గురించి మా ఉర్దూ పత్రికల్లో రాయాల్సినంత రాయలేదు. ఎందుకంటే మేము వాడే చట్రంలో అది పట్టదు. హతురాలు ముస్లిం, ఇరికించబడ్డవాడు దళితుడు. బాఇజ్జత్ బరీ అని ఎవరికి రాయాలి? ఆనాడు ఆ కోర్టు ఉరి వేసి ఉంటే, జనం అడిగింది ఉరే, హైకోర్టు దాకా సత్యంబాబు బతికుండేవాడేమో. క్షమాభిక్షలూ అప్పీళ్ళూ ఏళ్ళు పడతాయని సమాధానం చెబుతారు. కానీ ఆ ఏళ్ళు పట్టకూడదనే కదా వీధుల్లో అరిచేది, "వెంటనే ఉరి" అనే కదా.

పై కోర్టులు తప్పు దిద్దుతాయి, భయమెందుకు అంటారు మా సెక్యులర్ మిత్రులు. దిద్దిన సందర్భాలు చెబుతాం. 2002 సెప్టెంబరు అక్షరధామ్ దాడి కేసులో ముగ్గురికి ఉరి పడింది, గుజరాత్ హైకోర్టు ఖాయం చేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. వాళ్ళు పరిహారం అడిగితే 2016లో అదే కోర్టు కాదంది. 2006 జులై 11 బొంబాయి రైలు పేలుళ్ళలో ట్రయల్ కోర్టు ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేసింది. 2025 జులై 21న బొంబాయి హైకోర్టు పన్నెండు మందినీ నిర్దోషులంది. ఆ తీర్పును ఇతర కేసుల్లో ఆధారంగా చూపకూడదని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది గానీ, వాళ్ళను మళ్ళీ లోపలికి పంపలేదు. ఉరి పడ్డ ఐదుగురిలో ఒకడు 2021లో నాగ్‌పూర్ జైల్లో కరోనాతో పోయాడు. అతనికి నిర్దోషి అన్న తీర్పు శవం మట్టిలో కలిసిన నాలుగేళ్ళకు అందింది. ఇక 1994 జనవరిలో హైదరాబాద్ పోలీసులు గుల్బర్గాలో ఎత్తుకుపోయిన ఫార్మసీ విద్యార్థి 2016 మేలో సుప్రీంకోర్టు ద్వారా బయటికొచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు నలభై దాటి ఇంటికొచ్చాడు. అది ఉరి కాదు, యావజ్జీవమే. అందుకే రాగలిగాడు.

దిద్దని సందర్భాలూ ఉన్నాయి. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమే అంది, అత్యంత అరుదైన కేసుల్లోనే వెయ్యాలంది. ఒంటరిగా నిలబడ్డ జస్టిస్ భగవతి, ఇది జడ్జిని బట్టి మారుతుంది, పేదవాడికే పడుతుంది అన్నాడు. 2009లో సుప్రీంకోర్టే తన వెనకటి తీర్పులు కొన్ని బచ్చన్ సింగ్ సూత్రానికి విరుద్ధంగా వేసినవని ఒప్పుకుంది. ఆ తప్పుడు వరసలో రాజస్థాన్‌లో ఇద్దర్ని 1996, 1997లలో అప్పటికే ఉరితీశారు. 2012లో 14 మంది రిటైర్డు జడ్జీలు రాష్ట్రపతికి ఉత్తరం రాశారు, మిగిలిన 13 మందినైనా కాపాడండని. ఆ ఇద్దరికీ మాత్రం ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో దేశంలోని ఉరిశిక్ష ఖైదీలతో మాట్లాడి తయారుచేసిన నివేదికలో, వాళ్ళలో 76 శాతం దళితులు, ఆదివాసులు, వెనకబడిన కులాలు, మైనారిటీలేనని తేలింది.

ఇప్పుడు ఆ మినహాయింపు దగ్గరికి వద్దాం. 2015 ఆగస్టులో జస్టిస్ ఏ.పి. షా నాయకత్వంలోని లా కమిషన్ 262వ నివేదిక ఇచ్చింది. ఉరిశిక్ష రద్దు చెయ్యాలంది, ఉగ్రవాదానికీ దేశం మీద యుద్ధానికీ తప్ప. 1940లలో లారీ వదిలిన సందే మళ్ళీ వదిలింది. హక్కుల మిత్రులు చాలామంది దాన్ని మొదటి మెట్టుగా ఆహ్వానించారు. ఆ మెట్టు మీద నిలబడి చూస్తే మాకు కనపడేది వేరు. పోలీసు మీద ఒత్తిడి ఎక్కడ ఎక్కువ? పేలుడు కేసులో. పోలీసు ముందు చెప్పిన వాంగ్మూలాన్నే సాక్ష్యంగా తీసుకునే టాడా, పోటా, మకోకా లాంటి చట్టాలు ఎవరి కోసం పుట్టాయి? ఈ కేసుల కోసమే. అక్షరధామ్ పోటా కేసు, బొంబాయి రైళ్ళు మకోకా కేసు. బార్ అసోసియేషన్లు వకాలత్ తీసుకోమని తీర్మానాలు చేసేవీ ఈ కేసుల్లోనే. విచారణ జైలు గోడల మధ్యకు పోయేవీ ఇవే. తప్పు జరిగే అవకాశం అన్నిటికన్నా ఎక్కువున్న చోట మాత్రమే దిద్దుకోలేని శిక్షను మిగల్చమంటే, అది సగం రద్దు కాదు. మిగతావాళ్ళకు రద్దు, మాకు ఉంచడం. ఈ శతాబ్దంలో ఈ దేశంలో ఎనిమిది మందిని ఉరితీశారు. 2004లో ఒకరు, 2012, 2013, 2015లలో ఒక్కొక్కరు, 2020లో నలుగురు. మధ్యలో ఉన్న ముగ్గురూ ముస్లింలు, మూడూ ఉగ్రవాద కేసులే. ఆ ముగ్గురి నేరం గురించి మీకూ మాకూ అభిప్రాయభేదాలుండొచ్చు. ఒకరి విషయంలో మాకే ఏకాభిప్రాయం లేదు. కసబ్ కోసం కన్నీరు పెట్టమని ఎవర్నీ అడగం.

అడిగేది ఇంతే: రద్దంటే అందరికీ రద్దు. దిల్‌సుఖ్‌నగర్ కేసులోనూ, చిలకలూరిపేట కేసులోనూ, రేపు మక్కా మసీదులో బాంబు పెట్టినవాడు దొరికితే వాడికీ. ఈ చివరి మాట మేము పాతబస్తీలో ఒక మీటింగులో అన్నప్పుడు కుర్రవాళ్ళు లేచి అరిచారు. ఒకడు మైకు లాక్కోబోయాడు. అతని మామ ఆ రోజు వజూఖానా దగ్గర పడిపోయినవాళ్ళలో ఒకడని తర్వాత తెలిసింది. బయట చాయ్ తాగుతూ అతనితో గంటసేపు కూర్చున్నాం. ఒప్పుకోలేదు. "ఆప్ కా కోయీ నై మరా సాబ్" అన్నాడు. నిజమే.

బొంబాయి హైకోర్టు తీర్పొచ్చిన మర్నాడు క్రాస్ రోడ్స్‌లో బస్సు కోసం నిలబడ్డాం. చేతిలో రెండు భాషల పేపర్లూ ఉన్నాయి. ములాఖాత్‌కు వచ్చిన ఒక ఖాలా ఉర్దూ పేపరు చూసి, చదవడం రాదు కాబట్టి, పైన పెద్దక్షరాల్లో ఏముందో చెప్పమంది. చెప్పాం. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ తర్వాత విడిచిపెట్టారని కూడా చెప్పాం. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. మధ్యలో ఆపేసి, సంచి భుజానికి ఎత్తుకుని, చర్లపల్లి ఆటో ఏదని అడిగింది.